స్నేహితుడి నాన్నగారు మంచాన పడితే మనం ఏం చేయాలి, ఎలా చేయాలి

“నాన్నకి బాగాలేదురా, కాకినాడ తీసుకొచ్చాం” అని స్నేహితుడు ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేస్తాడు. మనం ఊరుకోలేం. తిరిగి ఫోన్ చేసి ఏమైంది, ఎప్పుడైంది, డాక్టరుగారు ఏమన్నారు, షుగరుందా, ముందే ఎందుకు చూపించలేదు అని అడుగుతాం. అదే పని ఇంకో పదిమంది చేస్తారు. స్కానింగ్ గది బయట నిలబడ్డవాడు అదే కథ పదిసార్లు మొదటి నుంచి చెప్పుకోవాలి. అడిగేది ప్రేమతోనే, కానీ ఆ పూట వాడికి అదొక డ్యూటీ అయి కూర్చుంటుంది.

అందుకని మొట్టమొదట ఫోన్ చేయకండి. ఒక మెసేజ్ పెట్టండి: “విన్నాను. జవాబివ్వక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి ఆసుపత్రి గేటు దగ్గరుంటాను.” అంతే చాలు.

తర్వాత స్నేహితుల్లో ఒకర్ని ఎంచుకోండి, కబుర్లన్నీ వాడి ద్వారానే నడవాలి. అందరికంటే దగ్గరివాడు అక్కర్లేదు, తక్కువ మాట్లాడేవాడు కావాలి. రాత్రి భోజనాల వేళ రోజుకోసారి, ఇంటివాళ్లు సరే అన్నంతవరకే, నాలుగు లైన్లు మిగతావాళ్లకి పంపుతాడు. రిపోర్టుల ఫొటోలు మాత్రం ఎవరికీ పంపకూడదు. పంపితే తెల్లారేసరికి ఊరంతా డాక్టర్లే.

ఏం కావాలని అడక్కండి

“ఏదైనా కావాలంటే చెప్పరా” అని అందరం అంటాం. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడు నోరు తెరిచి ఫలానాది కావాలని అడగడు. గుమ్మంలోకి వచ్చినవాళ్లని భోంచేయకుండా కదలనివ్వని ఇంట్లో పెరిగినవాడైతే అసలే అడగడు. కాబట్టి పని మీరే ఖాయం చేసుకుని, అక్కర్లేకపోతే వద్దనడానికి వీలుగా చెప్పండి. “ఈ రాత్రి పదింటి నుంచి తెల్లవారి ఐదింటిదాకా నేను కూర్చుంటాను. నువ్వెళ్లి మా తోడల్లుడి ఇంట్లో పడుకో, తాళం ఇదిగో.” ఇలా చెబితే వాడికి ఆలోచించే పని తప్పుతుంది.

ఆసుపత్రిలో చాలామందికి తోచని పని ఒకటుంది: ఫైలు. పాత చీటీలు, రక్తపరీక్షలు, ఈసీజీలు ఏ బట్టల షాపు కవర్లోనో కుక్కి ఉంటాయి. వాటిని తేదీల వారీగా సర్దండి. పైన ఒక తెల్లకాగితం మీద ఇప్పుడు వాడుతున్న మందులు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, ఏ మందు ఒంటికి పడదు అన్నవి పెద్ద అక్షరాలతో రాయండి. డ్యూటీ డాక్టరు మారినప్పుడల్లా ఆ కాగితం పనికొస్తుంది.

చేరిన రోజే ఆరోగ్యమిత్రని, అంటే ప్రభుత్వ వైద్య పథకం కింద రోగులకి సాయపడే మనిషిని, కలవాలి. ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, ఉన్న ఆసుపత్రుల్లో వాళ్లకో కౌంటరు ఉంటుంది. ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని వెళ్లండి. స్నేహితుడి నాన్నగారు రిటైరైన రాష్ట్ర ప్రభుత్వోద్యోగి అయితే ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు అడుగుతారు. జబ్బు పథకంలో ఉందో లేదో 104కి ఫోన్ చేసినా చెబుతారు. ముందు డబ్బు కట్టేసి తర్వాత చూద్దామనుకుంటే వెనక్కి రాబట్టడం తలనొప్పి.

రక్తం కావాలంటే అరడజను మంది “నేనున్నాను” అంటారు. తీరా బ్లడ్ బ్యాంకుకి వెళ్లాక ఒకడు కిందటి నెలే ఇచ్చి ఉంటాడు, ఇంకొకడు రాత్రి మందు కొట్టి వచ్చి ఉంటాడు. ముందే వడపోసుకోండి: వయసు 18 నుంచి 65 లోపు, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లకి పోయినసారి ఇచ్చి మూడు నెలలు, ఆడవాళ్లకి నాలుగు నెలలు దాటాలి.

స్నేహితురాలి నాన్నగారైతే ఇంకో చిక్కుంది. ఆ అమ్మాయి అత్తారింటికీ, ఆసుపత్రికీ మధ్య తిరుగుతుంటుంది. పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావడం లాంటి పనికి ఒకరు పూనుకుంటే ఆమెకి సగం బరువు దిగుతుంది.

ఊళ్లో ఆగని పనులు

ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఎక్కువ, ఊళ్లో ఆయన పని చూసేవాళ్లు తక్కువ. పెద్దాయన మంచం మీద దొర్లుతూ బెంగపడేది చాలాసార్లు ఆ పని గురించే.

భీమవరం వైపు రొయ్యల చెరువుందనుకోండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఏరియేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలతాయి. కరెంటు పోగానే లేచి జనరేటర్ వేసే మనిషి గట్టు మీద ఉండాలి. చెరువు అలవాటున్న స్నేహితుడే ఆ కాపలాకి వెళ్లాలి. తెలియనివాడు వెళ్లి, చెక్ ట్రేలు (మేత ఎంత తిన్నాయో తెలిపే పళ్లేలు) చూసుకోకుండా ప్రేమకొద్దీ మేత ఎక్కువ పోస్తే అది అడుగున కుళ్లి చెరువు పాడవుతుంది.

దాళ్వా (రెండో పంట వరి) మాసూళ్ల సమయమైతే, అంటే కోతలు నూర్పిళ్ల వేళైతే, ఇంకా టెన్షన్. కళ్లంలో ధాన్యం ఉంటుంది, సాయంత్రానికి మబ్బు పడుతుంది. బరకాలు సర్దడం, తేమ 17 శాతం లోపు వచ్చేదాకా తిరగేయించడం, సంచులకీ లారీకీ తిరగడం, ఇవన్నీ ఒకరు నెత్తిన వేసుకోండి. పనయ్యాక నిండిన సంచుల వీడియో ఒకటి తీసి పెద్దాయనకి చూపించండి. మందు బిళ్ల కంటే అది బాగా పనిచేస్తుందని నా నమ్మకం. కొబ్బరి తోట అయితే దింపు ఎప్పుడు, కాయ ఎవరికి వేస్తారు, పోయినసారి లెక్క ఎంత అన్నది ఆయన్నే అడిగి రాసుకోండి. చెప్పగలిగే స్థితిలో ఉంటే ఆయనకీ అది కాస్త హుషారు.

పెన్షన్ తీసుకునే మనిషైతే లైఫ్ సర్టిఫికెట్ గడువు చూడండి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకి అది నవంబరులో వస్తుంది. జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించి ఫోన్లోనే చేసే సౌకర్యం ఉంది కాబట్టి మంచం మీద నుంచి లేపక్కర్లేదు.

బొండాలు, అరటి గెలలు

కోనసీమ నుంచి ఉత్త చేతులతో ఎవరూ రారు. డిక్కీలో బొండాలు, రావులపాలెం అరటిపళ్లు, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. మనసు మంచిదే, కానీ కిడ్నీ జబ్బు మనిషికి బొండం నీళ్లూ అరటిపండూ రెండూ ప్రమాదమే. రెండింటిలోనూ పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది. “కొబ్బరి నీళ్లేం చేస్తాయండీ, చలవ చేస్తాయి” అని మంచం పక్కన వాదించే పెద్దలు ఉంటారు. వాళ్లని మర్యాదగా టీ తాగించే నెపంతో బయటికి తీసుకెళ్లడం కూడా స్నేహితుల పనే.

గుండె నీరసించినవాళ్లకి ఊరగాయ, ఉప్పుచేప వద్దంటారు. పక్షవాతం వచ్చినవాళ్లకి మింగడం సరిగ్గా రాకపోవచ్చు, చెంచాడు నీళ్లు కూడా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నర్సుని అడక్కుండా నోట్లో ఏదీ పోయకండి. తీర్థమైనా సరే, పెదవులకి తడి అద్ది ఊరుకోండి.

క్యారేజీ తేవాలనిపిస్తే పేషెంటుకి కాకుండా స్నేహితుడి అమ్మగారికి తెండి. పొద్దుటి నుంచి కాఫీ నీళ్ల మీదే ఉండి ఉంటారు. పెరుగన్నం, ఒక వేపుడు, తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బాలో పెట్టి.

మంచి మాటలు ఇప్పుడే చెప్పండి, ఆయనకే చెప్పండి

ఆసుపత్రిలో చేరిన మరుక్షణం మనిషి పేరు పోయి బెడ్ నంబరు వస్తుంది. ఇంట్లోవాళ్ల మాటలన్నీ బీపీ ఎంత, మోషన్ అయిందా, రాత్రి పడుకున్నారా అన్న చుట్టూనే తిరుగుతాయి. వాళ్లని తప్పుపట్టలేం. కానీ ఆయన ముప్పై ఏళ్లు లాంచీ మీద సరంగుగా చేశారనో, ఊళ్లో సగంమందికి లెక్కలు చెప్పారనో ఆ గదిలో గుర్తుచేసేవాళ్లు ఉండరు. కొడుకు స్నేహితులు చేయగలిగిన, ఇంకెవరూ చేయలేని పని ఇదే.

మనకో పాడు అలవాటుంది. మనిషి గురించిన మంచి మాటలన్నీ సంతాప సభకి దాచిపెట్టుకుంటాం. ఫ్లెక్సీ పక్కన నిలబడి మైకులో చెబుతాం. ఆయన వింటుండగా చెప్పడానికి మాత్రం సిగ్గుపడతాం.

ఎలా చెప్పాలి? “మీరు చాలా మంచివారండీ, మాకు దేవుడితో సమానం” అని మొదలుపెట్టారో, పెద్దాయనకి వెంటనే అనుమానం వస్తుంది, తన పని అయిపోయిందేమోనని. పొగడ్త పక్కన పెట్టి ఒక్క సంగతి పట్టుకోండి. ఎక్కడ జరిగింది, ఆయన ఏం చేశారు, అంతవరకు. ఇదిగో, ఇలాగన్నమాట:

“బాబాయ్‌గారూ, నేనండీ, రేవు వీధిలో సైకిల్ షాపు వాళ్ల రెండోవాణ్ణి. ఎనిమిదో క్లాసులో మీవాడూ నేనూ బడి ఎగ్గొట్టి కాలవ లాకుల దగ్గర ఈతకి దిగితే మీరు గట్టు మీద నుంచి చూశారు. కొడతారనుకున్నాం. మీరు చొక్కా విప్పి సైకిల్ హ్యాండిల్ మీద వేసి, మీరూ దిగి, లాకు తలుపుల వైపు ఎందుకు పోకూడదో చూపించారు. ఇంటికెళ్లాక మాత్రం ఇద్దరికీ వీపు మోగింది. మొన్న మా అబ్బాయికి ఈత నేర్పేటప్పుడు నేనూ ముందు తలుపుల సంగతే చెప్పానండి.”

ఇందులో ఒక్క పొగడ్త లేదు. వీపు మోగిన సంగతి తీసేయాలనిపిస్తుంది, తీయకండి. అదుంటేనే ఆయన నవ్వుతారు. మొదట్లో ఎవరి తాలూకో చెప్పుకున్నారు చూశారా, అది కూడా ముఖ్యం. జ్వరంలో ఉన్న మనిషికి ముఖాలు అందవు, మన రూపాలు మారిపోయి ఉంటాయి, జుట్టు ఊడిపోయి ఉంటుంది. వీధి, ఇంటిపేరు, తండ్రి చేసిన పని చెబితే ఇట్టే పట్టుకుంటారు.

చివర్లో ఆయనకి మాత్రమే తెలిసిన విషయం ఒకటి అడగండి. ఏళ్లు అడిగితే తడబడతారు కానీ డెల్టాలో పెద్దవాళ్ల కాలమానం వేరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన 1986 ఆగస్టు వరద, కోనసీమ కొబ్బరిని పడగొట్టిన 1996 నవంబరు 6 తుఫాను, 1991, 2003, 2015 పుష్కరాలు, ఎదుర్లంక – యానాం వంతెన రాకముందు పంటు (రేవు దాటించే బల్లకట్టు) మీద దాటిన రోజులు. “తుఫానుకి మీ తోటలో ఎన్ని చెట్లు నిలబడ్డాయండీ?” “వరదకి ముందా తర్వాతా, మీరు ఈ ఇల్లు కట్టింది?” ఇలా అడిగి చూడండి. “ఎహె, నీకు తెలీదురా” అంటూ ఆయన మిమ్మల్ని సరిదిద్దడం మొదలుపెట్టారంటే మీ పని అయినట్టే.

రాలేనివాళ్లు ఫోన్లో మాట రికార్డు చేసి పంపండి. రెండు నిమిషాలు దాటొద్దు. ఫ్యాను, టీవీ ఆపి, నెమ్మదిగా, మొదటే మీరెవరో చెప్పి మాట్లాడండి. ఏడుపు గొంతుతో వద్దు, అలా వస్తే చెరిపేసి మళ్లీ చేయండి. అన్నీ ఒకరి దగ్గర చేరాక, ఎవరిది ఏదో పేరు పెట్టి స్నేహితుడికి ఇవ్వండి. ఎప్పుడు వినిపించాలో వాడి ఇష్టం. మామూలుగా టిఫిను అయి, మందులు వేసుకుని, మెలకువగా ఉన్న వేళ బాగుంటుంది. రోజుకి ఒకటి రెండు చాలు, అన్నీ ఒకేసారి వినిపిస్తే మనిషి అలిసిపోతారు.

పాత ఫొటోలు దొరికితే ఫోన్లో చూపించకండి. ఆ మెరుపులో వాళ్లకి కనపడదు. స్టూడియోలో పెద్ద సైజులో ప్రింటు తీయించి, వెనకాల ఎవరెవరో పెన్సిల్‌తో రాసి చేతికివ్వండి. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గదు. అంతర్వేది తీర్థంలో తీయించుకున్న ఫొటో, జగ్గన్నతోటలో ప్రభ మోస్తున్న ఫొటో, స్కూలు గ్రూపు ఫొటో, ఇలాంటివి ఊళ్లో ఎవరో ఒకరి బీరువాలో ఉంటాయి. అడిగితే బయటికొస్తాయి.

ఆయన చెప్పేది రికార్డు చేయాలనుకుంటే ముందు అడగండి. ఫోన్ దిండు పక్కన పెట్టి మర్చిపోండి. దగ్గు రాగానే ఆపేయండి. అది కుటుంబానిది, స్టేటస్‌లో పెట్టుకోవడానికి కాదు.

మాట పడిపోయినవాళ్ల దగ్గర, మతిమరుపు వచ్చినవాళ్ల దగ్గర “నేనెవరో చెప్పండి చూద్దాం” అని పరీక్ష పెట్టకండి. చెప్పలేకపోతే ఆయనకెంత చిన్నతనమో ఆలోచించండి. మీరే చెప్పేసుకుని, తలూపితే సరిపోయే ప్రశ్నలు వేయండి. కళ్లు మూసుకుని ఉన్నారు కదా అని మంచం పక్కనే నిలబడి “ఇంకెన్నాళ్లంటున్నారు” అని గుసగుసలాడొద్దు. వినబడటం లేదని మీకెవరు చెప్పారు?

అందరు తండ్రులూ అంత తలుచుకోదగ్గవాళ్లేం కారు. తాగి ఇల్లు గుల్ల చేసినవాళ్లున్నారు, కొడుకుతో పదేళ్లు మాట్లాడనివాళ్లున్నారు. అలాంటి ఇంట్లో లేని మంచితనం అంటగట్టొద్దు, మీ స్నేహితుడికి అది గుచ్చుకుంటుంది. నిజంగా జరిగిన చిన్న సంగతి ఒకటుంటే చెప్పండి. లేకపోతే నైట్ డ్యూటీ చేసి ఊరుకోండి, అదే పదివేలు.

చూడటానికి వెళ్లినప్పుడు

పావుగంట. ఇద్దరికి మించి గదిలో వద్దు. జలుబో దగ్గో ఉంటే ఆ వారం మానేయండి. మంచం మీద కాకుండా కుర్చీలో, ఆయన మెడ తిప్పక్కర్లేని వైపు కూర్చోండి. “మా మేనమామకీ అచ్చం ఇలాగే వచ్చి…” అన్న కథ మొదలుపెట్టొద్దు. నాటుమందు చిరునామాలు ఇవ్వొద్దు.

“నేను బతుకుతానంటావా?” అని ఆయన సూటిగా అడిగితే చాలామంది గాభరాపడి “ఛ, మీకేంటండీ, నూరేళ్లు” అనేస్తారు. అక్కడితో ఆయన నోరు మూసేసినట్టే. “ఏం, మీకెలా అనిపిస్తోందండీ?” అని అడిగి వినండి. ఎవరినో చూడాలని ఉండొచ్చు, పొలం కాగితాల సంగతి చెప్పాలని ఉండొచ్చు. విన్నది కొడుకు చెవిన వేయండి, ఇంకెవరికీ కాదు.

హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉన్నవాళ్లకి ఒక మాట. డల్లాస్‌లో మధ్యాహ్నమైతే ఇక్కడ అర్ధరాత్రి, వాడు అప్పుడే కునుకు తీసి ఉంటాడు. అక్కడి డాక్టరు స్నేహితుడు ఇలా అన్నాడు, అలా అన్నాడు అని రోజుకో సలహా పంపితే ఇక్కడ వైద్యం చేసేవాళ్ల మీద నమ్మకం పోయి ఇంట్లో గొడవలొస్తాయి. రెండో అభిప్రాయం కావాలని వాళ్లడిగితే మాత్రం మొత్తం రిపోర్టులు తీసుకుని ఒక్కసారే గట్టిగా చేయండి.

డబ్బు

ఇది నాజూకైన వ్యవహారం. ఎవరెంత వేశారో ఎవరికీ తెలియకూడదు, ముఖ్యంగా పెద్దాయనకి. అందరూ ఒకరి ఖాతాకి పంపండి, ఆ ఒక్కరు మెడికల్ షాపు బిల్లో ల్యాబ్ బిల్లో నేరుగా కట్టేయాలి. మీ స్నేహితుడి చేతికిస్తే తీసుకోడు. “ఉంచరా, తర్వాత చూసుకుందాం” అంటే చాలు, చేబదులు కింద వాడు రాసుకుంటే రాసుకోనివ్వండి, వాడి మర్యాద వాడిది. మీరు మాత్రం ఎప్పుడూ ఎత్తకండి.

రెండో నెల

మొదటి వారం వరండా పట్టనంతమంది వస్తారు. డిశ్చార్జి చేసి ఇంటికి తీసుకొచ్చాక, ముఖ్యంగా మనిషి లేవలేని స్థితిలో ఉంటే, రెండో నెలకి గుమ్మం బోసిపోతుంది. అసలు సాయం అప్పుడు కావాలి. స్నేహితుల్లో నలుగురుంటే నెలకో ఆదివారం ఒక్కొక్కరికి పడుతుంది.

ఆ ఆదివారం ఏం చేయాలంటే: లేవలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. గాలి పరుపు ఉన్నా తిప్పాల్సిందే. ఎలా తిప్పాలో నర్సు దగ్గరో ఫిజియోథెరపీ ఆయన దగ్గరో ముందే చూసి నేర్చుకోండి, చెయ్యి పట్టుకుని లాగితే పక్షవాతం వచ్చిన భుజం జారుతుంది. మీరున్న ఆ నాలుగైదు గంటలు స్నేహితుణ్ణి పడుకోమనండి, లేదా బీపీ చూపించుకు రమ్మనండి, వాడు కూడా నెలల తరబడి చూపించుకుని ఉండడు.

మంగలిని ఇంటికి పిలిపించండి. రోజూ గెడ్డం గీసుకున్న మనిషికి పది రోజుల గెడ్డంతో చుట్టాల ముందు పడుకోవడం నామర్దా. మెడ కింద తువ్వాలు వేసి, తలవైపు దిండు ఎత్తు చేసి, అద్దం మీరు పట్టుకోండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే ఆ సంగతి చెప్పండి, కత్తికి బదులు ట్రిమ్మర్ వాడతాడు. మీసం ఎంత ఉంచాలన్నది ఆయన్నే అడగాలి, కొడుకుని కాదు.

వెళ్లేముందు వచ్చే ఆదివారం ఎవరి వంతో వాళ్ల అమ్మగారికి చెప్పి, గోడ మీది క్యాలెండర్లో ఆ పేరు రాసి వెళ్లండి.